ఈశాన్యం గదిలో రైలు బల్ల

బొమ్మ రైలు నడుపుకోవడానికి చెక్క బల్ల కడుతున్నానని చెబితే ప్రతివాళ్ళూ ముందు అడిగింది ఒకటే: "మనవడికా?" కాదు, నాకే అంటే నవ్వేవారు. నేను నవ్వకపోయేసరికి ఒంట్లో బాగుంటోందా అని అడిగేవారు. మనవడు గన్నవరంలో మా అమ్మాయి దగ్గర ఉంటాడు. వాడికి రైళ్ళ మీద ధ్యాసే లేదు, ప్రాణమంతా క్రికెట్టు మీద. వాడి పేరు చెప్పుకుని నా ముచ్చట తీర్చుకోవాల్సిన ఖర్మ నాకేం పట్టింది?

రైళ్ళ పిచ్చి నాకు చదువుకునే రోజుల నుంచీ ఉంది. కాలేజీ నుంచి వస్తూ విజయవాడ స్టేషన్ దగ్గర వంతెన మీద ఆగిపోయేదాన్ని. ఇంజను వెళ్ళి పెట్టెల వరసని తగిలించుకోవడం, కొన్నిటిని ఒక లైన్లో వదిలేసి ఇంకో లైన్లోకి రావడం ఎంతసేపు చూసినా తనివి తీరేది కాదు. ఆడపిల్లకి వంతెన మీద ఏం పనని ఇంట్లో చివాట్లు పడ్డాయి. తరవాత లెక్కల లెక్చరర్నయ్యాను, పెళ్ళయింది, ఇల్లూ కాలేజీతోనే రోజులు సరిపోయాయి. రిటైరయ్యాక నా డబ్బుతో అరచేతిలో పట్టే ఇంజనొకటి, కొన్ని పెట్టెలు, పట్టాలు కొనుక్కున్నాను. నేల మీద పరిస్తే రోజూ తుడవడానికి తీసేయాల్సి వచ్చేది, పైగా నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని బల్ల కట్టాలనుకున్నాను.

మా ఇంట్లో ఈశాన్యం వైపు గదిని కోచింగ్ పిల్లలకి అద్దెకిచ్చేవాళ్ళం. పరీక్షలైపోయి వాళ్ళు ఖాళీ చేయగానే, ఇక ఆ గది ఎవరికీ ఇవ్వద్దు, అది నాది అని మా ఆయనతో చెప్పాను. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "సరేలే" అన్నారు. ఆయన సరేలేకి అర్థం నీ మాట చెవిన పడిందని, అంతే. నేను మాత్రం ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాను.

టింబర్ డిపోలో కొలతలు చెబుతుంటే అతను "పూజా మందిరానికా మేడం?" అన్నాడు. రైలుకన్నాను. నా వెనక్కి చూసి, "సార్ రాలేదాండీ?" అన్నాడు. రాలేదు, చెక్క నాకు కావాలి, సార్‌కి కాదన్నాను. ఇంకేమీ అడగకుండా వంకర లేని పట్టీలు నా చేతే ఏరించాడు.

రైలు బల్ల అంటే కాళ్ళ మీద పలక పెట్టేయడం కాదు. కింద చెక్క పట్టీలతో చట్రం కట్టి, మధ్యలో అడ్డపట్టీలు బిగించి, దాని మీద ప్లైవుడ్ పరవాలి. లేకపోతే మన వానాకాలం చెమ్మకి అది అప్పడంలా వంగుతుంది. రెండు గోడల వెంట మూల తిరిగేలా రెండు బల్లలు కట్టి, మూల దగ్గర బోల్టులతో కలిపాను. అవసరమైతే విప్పుకోవచ్చని మా ఆయనకి గొప్పగా చూపించాను కూడా. ఆ ఎండల్లో ఫ్యాను వేస్తే రంపపు పొట్టు కళ్ళలో పడేది, ఆపితే చెమట పడేది. చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఒక్క స్క్రూ కూడా ఇంకొకళ్ళని తిప్పనివ్వలేదు.

బల్ల ఎత్తు నా మోచేతి దాకా పెట్టాను. వెడల్పు నా చెయ్యి చాపితే గోడ అందేటంత. మా వంటగట్టు మా ఆయన అన్నగారు, మా బావగారు, మేస్త్రీకి చెప్పి కట్టించిన ఎత్తు, కూరలు తరిగేటప్పుడు ఇప్పటికీ మడమలెత్తి నిలబడతాను. ఈ ఇంట్లో నా ఒంటికి కొలత తీసి చేసిన మొదటి వస్తువు ఈ బల్లే. అది తట్టినప్పుడు నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది.

కాళ్ళన్నీ ఒక్క కొలతకి కోశాను, వెంట్రుకవాసి తేడా లేదు. పట్టాలు వేసి ఒక పెట్టెని నిలబెట్టాను. అది నిలబడలేదు. మెల్లగా కదిలి, వేగం అందుకుని, ఈశాన్యం మూల దాకా వెళ్ళి పట్టాలు తప్పి పడింది. ఇంకోదాన్ని పెడితే అదీ అటే వెళ్ళింది. మా ఆయన గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. "చూశావా, దానిక్కూడా వాస్తు తెలుసు!"

అప్పుడు అర్థమైంది. ఇల్లు కట్టేటప్పుడు బావగారు దగ్గరుండి నేలకి ఈశాన్యం వైపు వాటం పెట్టించారు. నీళ్ళు ఆ మూలకి పారితే ఇంటికి మంచిదట. పండగలకి ఇల్లు కడిగిన ప్రతిసారీ ఆ నీళ్ళని ఆ మూలకే నెట్టిన మనిషిని నేను. వాస్తు నమ్మను కాబట్టి అది నా ఇంట్లో లేదనుకున్నాను కాబోలు, నేల మట్టం చూడాలన్న ఆలోచనే రాలేదు. లెక్చరర్‌గా ఉండగా ఏ పిల్లాడైనా ఇలా లెక్క చేసుకొస్తే పేపరు మొహాన కొట్టేదాన్ని.

ప్రతి కాలి అడుగునా రంధ్రం వేసి బోల్టు దింపాను. బోల్టు తిప్పితే కాలు లేస్తుంది. మేస్త్రీలు వాడే రసమట్టం కొని బల్ల మీద పెట్టుకుని, వంగి ఒక్కో బోల్టూ తిప్పుతూ పోయాను. చివరికి అందులో బుడగ నడిమధ్యకి వచ్చి నిలిచింది. పెట్టెని పెడితే పెట్టిన చోటే ఉంది. ఇంటి నేల దాని దారిన అది వాలింది, నా బల్ల వాలలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున కాఫీ తాగుతూ మా ఆయన బయటపెట్టారు. పామర్రులో ఉండే బావగారు తనకి తెలిసినాయనకి మాటిచ్చేశారట. ఆయన కొడుకూ, ఇంకో ఇద్దరు పిల్లలూ కోచింగ్‌కి వచ్చి మా ఈశాన్యం గదిలో ఉంటారు. ఆదివారం గది చూడటానికి వస్తున్నారు.

"అన్నయ్య మాటిచ్చాక ఏం చేస్తాం? నీ బల్ల డాబా మీద రేకుల కింద పెట్టుకుందాం. విప్పితే రెండు ముక్కలేగా," అన్నారు.

నేను కాఫీ గ్లాసులు కడిగి, గదిలోకి వెళ్ళి, మూల దగ్గరి బోల్టులు తీసేశాను. రెండు బల్లల మధ్య జిగురు నిండా పూసి, స్క్రూలు దట్టంగా దింపి, కింద అడ్డపట్టీలు కూడా జిగురుతోనే అతికించాను. ఆదివారానికి అది రాయిలా గట్టిపడింది.

ఆ కుర్రాడి తండ్రిని వెంటబెట్టుకొచ్చిన బావగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏంటమ్మా ఇది? ఈశాన్యంలో ఇంత బరువా?"

"మూడు మంచాలు, ముగ్గురు కుర్రాళ్ళ కంటే తక్కువేనండీ," అన్నాను.

"అది సరే. సాయంత్రానికి తీయించెయ్యండి."

"రాదండీ. అతికించేశాను. తలుపులోంచి పట్టదు. కోస్తేనే వస్తుంది. రంపం ఆ కిటికీలో ఉంది, తీసుకోండి."

ఆయన రంపం వైపు చూశారు, తమ్ముడి వైపు చూశారు. ఊళ్ళో తగాదాలు తీర్చి తీర్చి ఆరితేరిన మనిషి. వెంటనే కుర్రాడి తండ్రి వైపు తిరిగి నవ్వుతూ, "మావాళ్ళు మనవడి కోసం ముచ్చటపడి కట్టించారండీ. చిన్నపిల్లాడి మనసు కష్టపెట్టలేం కదా," అన్నారు.

"అయ్యో, పిల్లాడి కోసమైతే ఇంకేమంటామండీ. మేం వేరే చూసుకుంటాం," అన్నాడు ఆయన, ఎంతో మంచిగా.

మా ఆయన కళ్ళతోనే నన్ను బతిమాలారు. నోరు మూసుకుంటే చాలు. బావగారి మాట నిలుస్తుంది, వచ్చినాయన మర్యాద నిలుస్తుంది, గది నాకుంటుంది. అందరూ కాఫీ తాగి వెళ్తారు.

"మనవడికి కాదండీ," అన్నాను. నా గొంతు వణికింది, వణకనిచ్చాను. "నాకు. ఎవరూ కట్టించలేదు, నేనే కట్టుకున్నాను. ఈ గది అద్దెకివ్వనని ముందే చెప్పాను."

బావగారు కాఫీ తాగకుండానే చెప్పులేసుకున్నారు. కారు వెళ్ళిపోయాక మా ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"వాడి పేరు చెప్పి ఊరుకుంటే ఏం పోయేది? గది ఎలాగూ నీకే దక్కేదిగా!"

"నాకు కాదండీ," అన్నాను. "వాడికి దక్కేది."

నేను గదిలోకి వెళ్ళి స్విచ్ వేసి రైలు నడుపుకున్నాను. తలుపు దగ్గరకి వేయలేదు.