మేకలకు ఒడియాలు

ఆ రోజుల్లో నాకు ఏదీ ఊరికే పోకూడదనే జబ్బు ఉండేది. ఖాళీ బెల్లం బస్తాను కూడా దులిపి అమ్మే కిరాణా కొట్టువాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. కువైట్‌లో, మహబూలా అనే పేటలో నలుగురం కలిసి ఉన్న గదిలో రోజూ మిగిలిన అన్నం నల్ల కవరులో కట్టి కింద చెత్తడబ్బాలో పడేస్తుంటే కడుపు రగిలిపోయేది. అక్కడి అరబ్బు ఇళ్ళవాళ్ళు మిగిలిన రొట్టెను చెత్తలో కలపరు, తప్పుగా భావిస్తారు. వేరే కవరులో వేసి డబ్బా పక్కన తగిలిస్తారు. ప్రతి శుక్రవారం ఒక పఠాన్ పికప్ బండిలో వచ్చి, ఎడారిలో ఉన్న తన యజమాని మేకల కోసం వాటిని పట్టుకుపోయేవాడు. అతన్ని చూడగానే నాలోని కొట్టు తెరుచుకుంది.

"వారమంతా మా గదిలో మిగిలింది నీకు. శుక్రవారం శుక్రవారం ఓ క్యాను మేకపాలు నాకు" అన్నాను, నాకొచ్చిన హిందీలో. "క్యాను కాదు, సీసా" అన్నాడు. ఒప్పుకుని, గెలిచినవాడిలా మెట్లెక్కాను. (సీసా ఎంతదో అడగలేదు. మా నాన్న వింటే ఆ పూటే కొట్లోంచి గెంటేసేవాడు.)

బాల్కనీలో మూతబక్కెట్టు పెట్టాను. పులిహోర, గోంగూర అన్నం, ఎండుచేపల పులుసు, అన్నీ అందులోకే. అసలే జూన్ నెల. మంగళవారానికి మూత దానంతటదే పైకి లేవసాగింది. బుధవారం పై అంతస్తువాళ్ళు బిల్డింగ్ కాపలాదారు మీదికి, అతను మా గది పెద్ద అయిన అమలాపురం బాబాయి మీదికి వచ్చారు. బాబాయి గరిటె కింద పెట్టి మరీ చెప్పాడు: "ఒరే అబ్బాయ్, శుక్రవారం దాకా చూస్తాను. ఆ తరవాత ఆ బక్కెట్టూ నీ పరుపూ రెండూ మెట్ల మీదే." ఆ గది పోతే నా జీతానికి ఇంకో గది దొరకదు.

శుక్రవారం పఠాన్ మూత తీసి, వెంటనే మూసి, నా వంక చూశాడు. ఓ గరిటెడు తీసి బండిలో ఉన్న మేక ముందు పెట్టాడు. అది వాసన చూసి, తుమ్మి, పక్కనున్న అట్టపెట్టె నమలడం మొదలెట్టింది. "భాయ్, ఇది మీరు తింటారా?" అని జాలిగా అడిగాడు. "కారం వద్దు, ముళ్ళు వద్దు, తడి వద్దు. ఎండబెట్టి ఇస్తే తీసుకుంటా." బేరం నాది, షరతులన్నీ అతనివి.

పరుపూ పోకూడదు, అన్నమూ పోకూడదు కనక ఒప్పుకున్నాను. రోజూ అన్నం కడిగి, కారం వదిలించి, బాల్కనీలో పాత పేపరు మీద ఆరబోసేవాణ్ణి. కువైట్ ఎండకి అది ఇట్టే గలగలలాడేది. వాసన పోయింది, పరుపు నిలిచింది. బాబాయి మాత్రం ఫోనులో పిన్నితో "మనోడు ఇక్కడ మేకలకి ఒడియాలు పెడుతున్నాడే" అని చెప్పుకునేవాడు. పాలేవని అడిగితే పఠాన్ "మేక ఈనాలి కదా భాయ్" అనేవాడు. చలికాలంలో ఈనింది. దగ్గుమందు సీసాడు పాలు తెచ్చిచ్చాడు. వాటితో పెట్టిన టీ ఓ గుక్క తాగి బాబాయి అడిగాడు: "ఇంతకీ నిన్ను పనిలో పెట్టుకుంది కంపెనీయా, మేకా?"

ఇప్పుడు తిరిగొచ్చి మా ఊళ్ళోనే ఉంటున్నాను; మా వీధిలోకి మునిసిపాలిటీ బండి వచ్చి, ఎరువు చెయ్యడానికి తడిచెత్త వేరుగా అడుగుతుంది. నేను మిగిలిన అన్నాన్ని కుళాయి కింద పెట్టి కడుగుతుంటే, "ఎరువుకి కారమైతే ఏమైందండీ?" అంటుంది మా ఆవిడ. నిజమే. చేతిలో అన్నం పిండుకుంటూ, మేడ మీద ఎండ ఎలా ఉందో ఓసారి చూసి, నాలో నేనే నవ్వుకుని బక్కెట్టులో వేసేస్తాను.