పెద్ద సాబ్ వెళ్ళిపోయాక

1959లో నేను మెట్‌పల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేసేదాన్ని. అందరూ పెద్ద సాబ్ అని పిలిచే మా ముసలి డాక్టర్‌కు చూపు మందగించింది. ఆ ఎండాకాలం దవాఖానను ఒక కుర్ర డాక్టర్‌కు ఇచ్చేసి, నిజామాబాద్‌లో ఉన్న కూతురి ఇంటికి వెళ్ళిపోయాడు. వీడ్కోళ్ళంటే ఆయనకు సిగ్గు. రోగులెవరికీ చెప్పకుండానే బస్సెక్కేశాడు.

కొత్త డాక్టర్ బాగా చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. కానీ మా దగ్గర డాక్టర్‌ను ఎంచుకునేది డిగ్రీ చూసి కాదు, హస్తవాసి చూసి. అంటే ఆయన చెయ్యి పడితే రోగం తగ్గుతుందా లేదా అని. అందుకే కొత్తాయన దగ్గరికి ముందు ఎవరు పోతారా, ఏమవుతారా అని ఊరంతా కాచుకొని కూర్చుంది. ఖర్మ కొద్దీ మొదటి రోగి ధనుర్వాతంతో దవడలు బిగుసుకుపోయిన ఒక ముసలాయన. తెచ్చిన కాసేపటికే పోయాడు. దేవుడు దిగివచ్చినా ఆయన బతికేవాడు కాదు. ఆ మాట నేనెంతమందికి చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ తర్వాత బెంచీలు ఖాళీగానే ఉండేవి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున పక్క ఊరి రాజవ్వ తన కొడుకు ఓదెలును బండిలో వేసుకొని వచ్చింది. మగ్గం నేసే పిల్లవాడు. చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే పెద్ద సాబే బతికించాడు. ఇప్పుడు వాంతులు, విరేచనాలు. మావాళ్ళు గత్తర అంటారు, అదే కలరా. కళ్ళు లోపలికి పోయాయి, చేతులు చల్లబడ్డాయి. ఒంట్లో నీరు ఇలా పోవడాన్ని డీహైడ్రేషన్ అంటాం. దానికి సెలైన్, అంటే ఉప్పునీరు, వెంటనే నరంలోకి ఎక్కించాలి. నేను రబ్బరు గొట్టం, సూది మరిగించి సీసా తగిలించాను.

ఈలోపే గుమ్మంలో ఎవరో రాజవ్వ చెవిలో ఊదారు. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పెద్ద సాబ్ ఏడున్నడు నర్సమ్మా?"

"నిజామాబాద్‌ల. గంత దూరం వీడు తట్టుకోడవ్వా. మందు ఈడనే ఉన్నది."

"గీ సాబ్ మొదలు చూసినాయననే సచ్చిపోయిండట. నాకున్నది గీ ఒక్క కొడుకు. ఎట్ల ఇయ్యమంటవ్?"

డాక్టర్ చేతులు జోడించాడు. "అవ్వా, నా మీద నమ్మకం లేకుంటే మానె, గీ సీసను నమ్ము. ఇది ఎక్కినంక ఏడికన్న తీస్కపో."

ఓదెలే నీరసంగా, "పెద్ద సాబ్ దగ్గరికే పోదామవ్వా," అన్నాడు. ఇక ఆమెను ఆపడం మా తరం కాలేదు. నేను కోపం పట్టలేక అరిచాను కూడా. బండాయన తోడు రాగా ముగ్గురూ బస్సెక్కారు.

ఆర్మూరు దాటకముందే ఓదెలు పోయాడు. తెలిస్తే దింపేస్తారని రాజవ్వ నోరు మెదపలేదు. కొడుకు తలను ఒళ్ళో పెట్టుకొని నిజామాబాద్ దాకా వెళ్ళింది. పెద్ద సాబ్ వాకిట్లో దించి, "నిద్రవోయిండు సాబ్, జర చెయ్యి వట్టి చూడున్రి," అందట. ఆయన మణికట్టు పట్టుకొని అక్కడే కూలబడ్డాడని బండాయన వచ్చి చెప్పాడు. ఆ రోజు నేను మందుల గది తలుపేసుకొని ఏడ్చాను.

దినాలయ్యాక రాజవ్వ మళ్ళీ దవాఖానకు వచ్చింది. తిట్టడానికే అనుకున్నాను. నా దగ్గరా మాటలు సిద్ధంగానే ఉన్నాయి. ఆమె ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. తిన్నగా పోయి కొత్త డాక్టర్ ముందు కూర్చొని చెయ్యి చాపింది.

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. పెండ్లయితే పిల్లను అత్తగారికి ఒప్పజెప్పి పంపుతం గద. పెద్ద సాబ్ పోయేటప్పుడు మమ్ముల నీ చేతుల పెట్టి, ఇగ గీయననే నేననుకోన్రి అని ఒక్క మాట అనకపాయె. గా మాట అనుంటే నా కొడుకును నీకే ఇస్తుంటి."

డాక్టర్‌కు కళ్ళనీళ్ళు ఆగలేదు. తుడుచుకోవడానికి కూడా ఆమె చెయ్యి వదల్లేదు.

తర్వాత మంచిర్యాలలో, నిర్మల్‌లో కూడా పనిచేశాను. డాక్టర్ మారినప్పుడల్లా, వెళ్ళేవాళ్ళను పట్టుబట్టి కొత్తవాళ్ళతో పాటు పాత రోగుల దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. పెళ్ళిళ్ళ పేరమ్మనని ఎగతాళి చేసేవారు. చేసుకోనీ. డాక్టర్ ఊరు వదిలేటప్పుడు దవాఖాన తాళాలతో పాటు మనుషుల్ని కూడా అప్పగించి పోవాలి. ఇంత చిన్న సంగతి మాకు తెలియడానికి రాజవ్వ కొడుకు పోవలసి వచ్చింది.