రంజాన్ నెల శ్రుతి

కావలి నుంచి గూడూరు వెళ్లే రైల్లో నా ఎదుట సన్నాయి వాయించే మస్తాన్ గారు, డోలు వాయించే రమణయ్య కూర్చున్నారు. మధ్యాహ్నం గూడూరు పక్కన చిల్లకూరులో పెళ్లికి వాయించాలి. రమణయ్య డోలు పట్టీలు వదులు చేస్తుంటే, బిగించాలి కదా అన్నాను.

“అన్న రోజా ఉండాడు సార్, ఉపవాసం. పై స్వరం రావాలంటే సన్నాయి పీకను పెదాలతో నొక్కి బలంగా ఊదాల. తెల్లారినప్పట్నుంచి నీళ్లు కూడా ముట్టని మనిషికి ఎట్టా వస్తది? మొన్న తాళి కట్టేటప్పుడు స్వరం తెగింది. పెళ్లోళ్లు నవ్వినారు.”

అందుకే మస్తాన్ గారు ఈసారి పొడుగు సన్నాయి తెచ్చారు. గొట్టం పొడవు పెరిగితే శ్రుతి తగ్గుతుంది, పై స్వరాలకు అంత బలం అక్కర్లేదు. దానితో కలవాలంటే డోలు శ్రుతీ దించాలి. శ్రుతిని మార్చేవి మూడని నేను చదువుకున్నాను: పొడవు, బిగువు, ఊపిరి. పక్కవాడి ఉపవాసం ఆ జాబితాలో లేదు.

“నా కోసం నీ డోలు మోత తగ్గించుకోకురా,” అన్నారు మస్తాన్ గారు.

“ఈ నెలంతా ఇంతే. నువ్వూదన్నా!”

మస్తాన్ గారు నా సీసాలో నీళ్లు అడిగి, పీకను తడిపి విదిలించారు. “దీనికి రోజా లేదులే,” అని నవ్వి, పై స్వరం ఒకటి పట్టారు. పెట్టెలో అందరూ తిరిగి చూశారు. స్వరం తెగలేదు.

రమణయ్య డోలు మీద ఒక దెబ్బ వేసి, చెవి ఆనించి విని, ఇంకో పట్టీ వదులు చేశాడు.