నెమలి మెడ రంగు

మా పెదనాన్న కత్తులు చేస్తాడు. కూరగాయలు తరిగేవి కావు. వెనకటి కాలంలో గుర్రాల మీద యోధులు పట్టిన వంపులేని నిటారు కత్తులు, పిడికి అడ్డంగా కమ్మీ, చివర ఇనప గుండు ఉండేవి. పుస్తకాల్లో బొమ్మలు చూసి, మ్యూజియంలో అద్దం ఇవతలి నుంచి కళ్ళతోనే కొలుచుకుని, అచ్చం అలాగే చేస్తాడు. కొన్ని గోడలకెక్కుతాయి, కొన్ని నాటకాలకి వెళతాయి. అంచు మాత్రం మొద్దుగానే ఉంచుతాడు. వీధిలో ఎవరైనా "యుద్ధం ఎప్పుడండీ?" అని వేళాకోళమాడితే, "మీ ఆవిడ పుట్టింటి నుంచి రానీ, మొదలుపెడదాం" అంటాడు.

చిన్నతనంలోనే చదువు ఆగిపోయాక మావాళ్ళు నన్ను ఆయన ఇంట్లో ఉంచారు. పెద్దమ్మ నాకు పిడికి తోలు చుట్టి కుట్టడం నేర్పింది. కొలిమి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. నా పీట గడప ఇవతల. గడప దాటితే, "రవ్వ ఎగిరి ముఖాన పడుతుంది, బయటికి నడు" అనేవాడు. చిన్నప్పుడొకసారి పట్టకారు పట్టుకుంటానని అడిగాను. "నీకెందుకమ్మా ఈ మసి? హాయిగా తోలు చుట్టుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. నాకు అడగడం కంటే చూడడమే తేలిక.

అలా చూసి చూసి నాకు రంగులు తెలిశాయి. ఎర్రగా కాలిన కత్తిని నూనెలో ముంచితే అది గాజులా పెళుసెక్కుతుంది. దాన్ని మెరిసేలా రుద్ది, వేడి చేసిన లావుపాటి ఇనప దిమ్మె మీద మెల్లగా అటూ ఇటూ జరుపుతాడు. అప్పుడు ఇనుము మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి, తర్వాత తేనె, ఆ తర్వాత వంకాయ, చివరికి నెమలి మెడ. అక్కడ ఆపాలి. ముందే తీస్తే కత్తి విరుగుతుంది. దాటనిస్తే వంగినది వంగినట్టే ఉండిపోతుంది. పెదనాన్న ఆ పేర్లు జపంలా గొణుక్కునేవాడు. ఆఖరున కత్తిని బల్లకున్న ఇనప పట్టు, వైసులో బిగించి విల్లులా వంచేవాడు. వదలగానే నిటారుగా లేస్తే, పిడి పక్కన తన పిచ్చుక కాలి గుర్తు కొట్టేవాడు. లేవని కత్తి గడప దాటేది కాదు.

పోయినేడు నాటకాల కంపెనీ ఓనరు జంట కత్తులు కావాలని వచ్చాడు. నాటకంలో అన్నదమ్ములిద్దరు నిజంగానే కత్తులు ఢీకొట్టుకుని పోట్లాడతారట.

"ముక్క విరిగి ఎగిరిందంటే ఏ కుర్రాడి కన్నో పోతుందండీ. అందుకే మీ దగ్గరికొచ్చా" అన్నాడు.

మొదటి కత్తి చక్కగా కుదిరింది. రెండోది మొదలుపెట్టేలోపు పెద్దమ్మ పోరు ఎక్కువైంది.

"గుమ్మంలో పిల్లి కూర్చుంటే 'లోపలికి రండమ్మా' అన్నారే మీ పెదనాన్న! శుక్లాలు ముదిరి చూపు అటకెక్కింది. ఆపరేషన్ చేయించాల్సిందే."

"పిల్లయినా ఆడదేగా, మర్యాదిచ్చా" అన్నాడాయన.

అయినా ఒక కన్ను తర్వాత ఇంకో కన్ను చేయించుకున్నాడు. ఆఖరి కట్టు విప్పిన రోజు చంటిపిల్లాడిలా ఇల్లంతా తిరిగాడు.

"గోడ సున్నంలో నీలిమందు ఎక్కువ కలిపారేం?" అన్నాడు. పెద్దమ్మ శాలువా చూసి, "కొత్తదా?" అన్నాడు.

"ఎన్నేళ్ళనుంచో కప్పుకుంటున్నా! ఇన్నాళ్ళూ ఎవర్ని చూస్తున్నారో మరి?"

అందరం నవ్వాం.

కొన్నాళ్ళకి రెండో కత్తి రంగుల దాకా వచ్చింది. నేను పీట మీదనుంచి చూస్తున్నాను. గడ్డి వెళ్ళింది, తేనె వెళ్ళింది, వంకాయ దట్టమవుతోంది. పెదనాన్న కత్తి పైకి తీసేశాడు. నా నోరు ఆగలేదు.

"ఇంకా వంకాయే, పెదనాన్నా."

"నెమలి మెడే. జన్మలో ఇంత తేటగా చూళ్ళేదు. కొత్త కళ్ళు నాకొచ్చాయా, నీకొచ్చాయా?"

వైసులో బిగించి వంచాడు. సగం కూడా వంగలేదు, ఫట్‌మని విరిగింది. ముక్క రేకుకి కొట్టుకుని నా పీట ముందు పడింది. ఆయన ముందు నా ముఖం వైపు చూశాడు, ఎక్కడైనా నెత్తురుందేమోనని. తర్వాత ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"ఇందాక ఏమన్నావు నువ్వు?"

"వంకాయ అని."

ఆ పూట కొలిమి ఆర్పేశాడు. అన్నం ముందు కూర్చున్నాక ఆయనే మొదలుపెట్టాడు.

"శుక్లం పసుప్పచ్చ గాజులాంటిదట, డాక్టరు అప్పుడే చెప్పాడు. ఏటికేడు ముదిరింది, నా కన్ను దానికే అలవాటు పడుతూ వచ్చింది. ఆ గాజులోంచి కనబడిందే నా నెమలి మెడ. ఇప్పుడు గాజు తీసేశారు, వంకాయే నీలంగా కనబడుతోంది. నెమలి కూడా ఎగిరిపోయింది."

పెద్దమ్మ కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. "నేనే పోరు పెట్టాను" అంది.

"నీ శాలువా రంగు తెలిసింది కదే, అది చాలదా" అన్నాడు. కానీ అన్నం సగంలోనే లేచాడు.

ఇంకో కత్తి సాగగొట్టాడు. మధ్యమధ్య ఆగి భుజం పట్టుకునేవాడు. రంగుల రోజున గడప వైపు తిరిగి, "లోపలికి రా" అన్నాడు.

"రవ్వ పడుతుందేమో."

"రా అన్నానా."

గడప దాటాను. కొలిమి దగ్గర నేల వెచ్చగా ఉంది. పెదనాన్న దిమ్మె మీద కత్తి జరుపుతూ, ఇనుము వైపు కాకుండా నా ముఖంలోకి చూస్తున్నాడు.

"చెప్పు."

"గడ్డి."

"ఊఁ."

"తేనె... వంకాయ."

ఆయన చెయ్యి తీసేద్దామని తొందరపడింది. "ఇంకా" అన్నాను. ఆగాడు.

"ఇప్పుడు."

వైసులో కత్తి విల్లులా వంగింది. వదలగానే జుమ్మంటూ నిటారుగా లేచింది. నేను పరుగున వెళ్ళి పిచ్చుక కాలి గుర్తు కొట్టే ఉలి తెచ్చిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

"నా కన్ను చూసిన కత్తికే నా గుర్తు."

పెద్దమ్మ గడపలోనుంచి, "అయితే చూసిన పిల్ల గుర్తే కొట్టండి, ఏం పోయింది?" అంది.

"దానికి గుర్తెక్కడిది? గడప దాటనిచ్చానా?"

నా అరచెయ్యి తెరిచి చూశాడు. సూది పోట్లు తప్ప ఒక్క కాయ లేదు.

"రంగు చెప్పడానికి కన్ను చాలు. సుత్తికి చెయ్యి చిన్నప్పుడే అలవాటు పడాలి. అడిగావు కదూ ఒకసారి? నేనే..."

"ఇప్పుడు నేర్చుకుంటా, పెదనాన్నా."

"నేర్పే సత్తువ ఈ జబ్బలో ఉండద్దూ?" అని నా చెయ్యి వదిలేశాడు.

మర్నాడు కంపెనీ ఓనరు వచ్చాడు. రెండు కత్తులూ తాకించి చూసి, "భలే, ఒకేలా మోగుతున్నాయే!" అన్నాడు. పిడి దగ్గర వెతికాడు. "దీనికి పిచ్చుక కాలు లేదేమండీ?"

పెదనాన్న నా వైపు చూడలేదు.

"మర్చిపోయాను" అన్నాడు.

ఆయన కత్తిని గుడ్డలో చుట్టాడు. ఇచ్చే ముందు, గుర్తు ఉండాల్సిన చోట గుడ్డ మీద నుంచే బొటనవేలు ఆనించి, కాసేపటికి తీశాడు.