గిలకలు లేని విల్లు

గంగాధరం చిత్తూరులో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. డ్రిల్లు మాస్టరనగానే కండలు తిరిగిన మనిషిని ఊహించుకుంటే పొరపాటే. చొక్కాను చిలక్కొయ్యకు తగిలించినట్టుండేవాడు. ఈల మాత్రం గట్టిగా ఊదేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఏ ఆటలోనూ ముందు నిలిచింది లేదు, ఎందుకు నిలవలేదని ఎవరూ అడిగిందీ లేదు.

1979లో అతని బామ్మర్ది దొరస్వామి ఒక విల్లు తెచ్చిచ్చాడు. దొరస్వామి మద్రాసు రేవు నుంచి పోయే సరుకు ఓడలో పని చేసేవాడు. ఏ దేశపు అంగట్లో కొన్నాడో గానీ అలాంటిది చిత్తూరు జనం చూసి ఎరగరు. రెండు కొనల్లో రెండు చక్రాలు, వాటి మీదుగా ఉక్కు తీగ. వీధిలోవాళ్లు దానికి గిలకల విల్లని పేరు పెట్టేశారు.

ఆ విల్లులో ఒక సుఖముంది. లాగడం మొదలుపెట్టినప్పుడు బిగువుగానే ఉంటుంది. సగానికి పైగా లాగాక చక్రాలు తిరిగి, బరువంతా ఒక్కసారిగా సడలిపోతుంది. ఆ తరువాత మనిషి తీరిగ్గా నిలబడి, ఊపిరి పీల్చుకుని, గురి చూసుకుని వదలొచ్చు. ఆరు నెలలు తిరిగేసరికి గంగాధరం నలభై అడుగుల నుంచి నిమ్మకాయను కొట్టడం నేర్చాడు. ఆదివారం పూట పెరట్లో జనం చేరేవాళ్లు. "ఊరగాయకు నాలుగు కాయలన్నా మిగలనీ" అని భార్య పంకజాక్షి లోపలి నుంచి కేకేసేది. జీవితంలో మొదటిసారిగా గంగాధరం తలెత్తుకుని నడిచాడు. అది నచ్చనివాళ్లు కొందరున్నారు గానీ, నడిచేవాడికి దాంతో పని లేదు.

అతని సొంత ఊరు పూతలపట్టుకు మూడు మైళ్లు. అక్కడ ద్రౌపదమ్మ గుడి ఉంది. ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. అందులో ద్రౌపదమ్మ పెళ్లి రోజు పొద్దున, నిలువు గడ మీద తిరిగే బూరుగు చెక్క చేపను నిజంగానే బాణంతో కొట్టాలి. అర్జునుడు నీళ్లలో నీడ చూసి కొట్టాడు. ఈ ఊళ్లో నీళ్లలో ఒకసారి చూసి దండం పెట్టుకుని, తరువాత పైకి చూసే కొడతారు, ఎవరూ తప్పు పట్టరు. మూడు బాణాలు. మూడూ తప్పితే పూజారి చేత్తోనే చేపకు బాణం గుచ్చి పెళ్లి కానిస్తాడు. పెళ్లి ఆగదు గానీ కొట్టినవాడి పరువు ఏడాది పొడుగునా రచ్చబండ మీద ఆరుతుంది.

ఆ బాణం వేసే హక్కు గంగాధరం ఇంటివాళ్లది. తండ్రి గురప్ప ముప్పై ఏళ్లు వేశాడు. ఆయన విల్లు లావుగా, నల్లగా, చేతి మణికట్టంత ఉండేది. కొట్టేవాడు తప్ప ఇంకెవరూ దాన్ని తాకకూడదు. చిన్నప్పుడు ఒకసారి గంగాధరం చేయి చాపితే గురప్ప నలుగురిలోనూ నవ్వాడు. "అది వంచల్లంటే మొగోడు పుట్టల్లరా. నీ చేత కాదు." ఆ మాట గంగాధరం మరిచిపోలేదు. డ్రిల్లు మాస్టరు అయినా, నిమ్మకాయలు కొట్టినా, అది లోపల అట్లాగే ఉండిపోయింది.

1984లో గురప్ప కంటికి పొర కమ్మి మూడు బాణాలూ తప్పాయి. మరుసటి ఏడాది ఉగాది కాగానే ధర్మకర్త మునిరామయ్య కబురు పెట్టాడు. గంగాధరం గిలకల విల్లును దుప్పట్లో చుట్టుకుని, కొత్త పెళ్లికొడుకులా ఊళ్లో బస్సు దిగాడు.

మునిరామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మ పెండ్లికి గిలకలేందబ్బా? ఇది బాయి కాడ నీళ్లు చేదేదానికి పనికొస్తాది."

"గురి తప్పదు మామా. నిమ్మకాయ పెట్టు, ఇప్పుడే సూపిస్తా."

"తప్పదులే. కొట్టేది నువ్వా, గిలకలా? అది సెప్పు ముందు."

గంగాధరం విల్లును మళ్లీ దుప్పట్లో చుట్టేశాడు. గురప్ప అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన పాత విల్లును అప్పటికే గుడి దూలానికి కట్టేశారు. కొత్తగా కొట్టేవాడు కొత్త వెదురు విల్లు తనే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక పసుపు పూస్తారు, అది పాడయ్యేదాకా ఇక మార్చుకునేది లేదు.

విల్లు ఇవ్వాల్సింది తిరుపతిలో మేదరి తిరుమలమ్మ. తిరుచానూరు దారిలో తట్టలు, చేటలు అల్లి యాత్రికులకు అమ్ముకునే ముసలామె. ఆ ఊరి గుడికి విల్లు మాత్రం వాళ్ల ఇంట్లోనే చేస్తారు. గంగాధరం రాగానే మూడు విల్లులు తెచ్చి చాప మీద పరిచింది. కిత్తనార తాళ్లు కట్టే ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి మధ్యరకం, ఒకటి సన్నం.

గంగాధరం చేయి తిన్నగా లావుదాని మీదికే పోయింది. గిలకల విల్లు మొదటి బిగువు ఇంతే ఉంటుందని అతని లెక్క. సగం దాకా బాగానే లాగాడు. ఇంకొంచెం లాగాడు. అలవాటు కొద్దీ అక్కడ నిలబడి సడలింపు కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. లాగిన కొద్దీ బరువు పెరిగింది. మోచేయి వణికింది, తరువాత భుజం, తరువాత మనిషంతా.

"ఏం సామీ," అంది తిరుమలమ్మ, "ఎవురి కోసం కాచుకోనుండావు?"

గంగాధరం విల్లు దించేశాడు. అయిదారేళ్లుగా తను మోస్తున్నాననుకున్న బరువును గిలకలే మోశాయని అప్పుడు తెలిసింది. సిగ్గుతో మొహం ఎర్రబడింది. మధ్యరకంది లాగినా అదే వరస.

"ఈ సన్నది తీసుకో సామీ. మీ నాయన ఎప్పుడూ ఎత్తుకపొయ్యేది దీన్నే గదా."

"మా నాయనది ఇంత లావుండాది అవ్వా!"

"లావు యాడిది? మా ఇంటాయన గోనెపట్ట సుట్టి, దానిపైన గుడ్డ సుట్టి, నల్లరంగు పూసేవోడు. అయిదారేండ్లకొకటి. లోపల ఇదే బద్ద. నీకు తెల్దా?"

తెలియదు. ముసలామెకు అందులో దాచాల్సినదేదీ కనిపించలేదు. ఎవరి సరుకు ఎట్లా కావాలంటే అట్లా చేసివ్వడం ఆమె పని. "నీకూ సుట్టల్లా?" అని మామూలుగానే అడిగింది.

గంగాధరం వెంటనే వద్దనలేదు. ఆ సన్నపు బద్దతో ఊరి ముందు నిలబడడం తలుచుకున్నాడు. చుట్టమని నోటిదాకా వచ్చింది కూడా. "వద్దులే అవ్వా," అన్నాడు చివరికి. బస్సు చంద్రగిరి దాటేదాకా తండ్రి మీద కోపంతో ఉడికిపోయాడు. పాకాల చేరేసరికి, చేయి చాపిన ఆ చిన్నప్పటి తన మీద జాలి వేసింది. ఊళ్లో దిగేటప్పుడు మాత్రం విల్లును దుప్పట్లో చుట్టకుండా చేత్తో పట్టుకునే దిగాడు. మునిరామయ్య చూసి, "సీపురుపుల్ల తెచ్చినాడ్రా" అన్నాడు. పసుపు పూశారు.

నెల రోజులు సాధన చేశాడు. అయినా అలవాటు చెడ్డది. పెళ్లి రోజు పొద్దున మొదటి బాణానికి లాగి ఆగాడు. బరువుకు గురి జారి బాణం పక్కకు పోయింది. రెండోదానికీ ఆగాడు, అదీ పోయింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పూజారి నిచ్చెన వైపు చూశాడు. మూడో బాణం తొడిగి గంగాధరం దేనికోసమూ కాచుకోలేదు. చెంపదాకా లాగడం, వదలడం ఒక్కటిగా జరిగిపోయాయి. బాణం చేప తోకలో దిగింది.

"తోకైనా సేపే గదా," అన్నాడు మునిరామయ్య. మేళం మోగింది.

మధ్యాహ్నం పందిట్లో భోజనాలప్పుడు గురప్ప కొడుకును పిలిచి చేయి చాపాడు. పాత విలుకాడికి ఆ హక్కుంది. గంగాధరం విల్లు అందించాడు. చూపు ఆనని మనిషి, ఈ కొన నుంచి ఆ కొనకు తడుముకుంటూ పోయాడు. మధ్యలో, పట్టుకునే చోట వేళ్లు ఆగిపోయాయి.

"సన్నంగుండాదే," అన్నాడు.

"అవును నాయనా. ఇంతకన్నా గట్టిది నా చేత కాలేదు."

పక్క విస్తరి దగ్గర మునిరామయ్య ముద్ద కలుపుతున్నాడు. ఆయన అక్కడున్నాడని గురప్పకు తెలుసు. విల్లును ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా సేత కూడా కాలేదురా," అన్నాడు. పందిట్లో అందరికీ వినపడేంత గట్టిగానే అన్నాడు.