అర సీసా అంబరు

ఉదయం ఎనిమిది ఇరవైకి హొసకోటెలో సిటీ మార్కెట్‌కు పోయే బస్సెక్కాను. మరునాటికి మా పెళ్ళై యాభై ఏళ్ళు నిండుతాయి. వారం క్రితం మా ఆవిడ సరోజమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒక మాటంది.

"పెండ్లినాడు పీటల మీద నీకాడ ఏందో మంచి వాసన వచ్చెనే! అది మళ్ళీ ఎప్పుడూ రాలేదు."

యాభై ఏళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్నది అదొక్కటే. దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు.

ఆ వాసనేమిటో నాకు తెలుసు. నేను మూడో తరగతి దాటలేదు. కిరాణా కొట్టులో పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చాను. అయినా జ్ఞాపకశక్తిలో నన్ను మించినవాడు హొసకోటెలో లేడని నాకు పొగరు. పెళ్ళినాడు నా దర్జీ స్నేహితుడు అంబరు అత్తరులో ముంచిన దూది నా చెవిలో పెట్టాడు. అదే!

టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు నలభై నిమిషాలు కదల్లేదు. పక్క సీటు టమాటాల వ్యాపారి ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఈ వయసులో అత్తరెందుకప్పా, దేవునికా?"

"పెండ్లానికి," అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి మార్కెట్ వచ్చేదాకా భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు.

పదిన్నరకు దిగి నగర్తపేట సందుల్లోకి నడిచాను. అత్తరు అంగడి ఎంత చిన్నదంటే, కూర్చుంటే మోకాళ్ళు వీధిలో ఉంటాయి. అంబరు అడిగితే సాయిబు సీసాలో గాజుపుల్ల ముంచి నా మణికట్టు మీద గీత గీశాడు. రుద్దబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"రుద్దకండప్పా. అంబరుకు తొందర పనికిరాదు. ఒంటి వేడికి నిదానంగా లేస్తాది. టిఫిన్ తిని రండి."

పక్క వీధి హోటల్లో నిలబడి రెండు ఇడ్లీలు, ఒక వడ తిన్నాను. వడ సగంలో ఉండగా వాసన అందింది: బెల్లం పాకం, సాంబ్రాణి, ఎండకు వేడెక్కిన పాత చెక్క. కళ్ళు మూసుకున్నాను. సాంబారు చల్లారిపోయింది. వెనక్కి వెళ్ళి నాలుగు వందల యాభై పెట్టి చిన్న సీసా కొన్నాను. సాయిబు నా చెవిలో అంబరు దూది ఒకటి పెట్టి, "ఒక్క చుక్క చాలు, రోజంతా ఉంటాది," అన్నాడు.

చిక్కపేట మెట్రో స్టేషన్లోకి దిగేసరికి వాసన మాయం. మణికట్టు ముక్కుకు ఆనించి పీల్చినా ఏమీ లేదు. "మోసం!" అని గట్టిగానే అన్నాను. తిరిగి వెళ్ళి పోట్లాడదామంటే మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆ కోపంలో బెంచీ మీద కూర్చుని, శనివారం తలంటుకు నువ్వులనూనె వంపుకున్నట్టు అత్తరు అరచేతిలో వంపుకుని మెడకూ, ఛాతీకీ, మోచేతులకూ పట్టించాను. సగం సీసా అయిపోయింది. అప్పటికీ నా ముక్కుకు ఏమీ తెలియలేదు.

మెజెస్టిక్‌లో మారి, పన్నెండూ నలభైకి కాడుగోడి వైపు వెళ్ళే రైలెక్కాను. రైలు కిటకిటలాడుతోంది. నేను కూర్చోగానే అటూ ఇటూ ఉన్నవాళ్ళు లేచి దూరంగా నిలబడ్డారు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళంటే ఇంకా గౌరవముందని మురిసిపోయి కాళ్ళు చాపుకున్నాను. అంతలో మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒక అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగింది.

"అంకుల్, మీ బ్యాగులో ఏమైనా బాటిల్ పగిలిందా?"

"లేదమ్మా. వాసన వస్తా ఉందా?"

"వస్తా ఉందా అని మెల్లగా అడుగుతారేంటి! కోచ్ మొత్తం మీరే!"

నాకు ప్రాణం లేచొచ్చింది. సాయిబు మోసగాడు కాదు. నా ముక్కే అలవాటు పడిపోయి పని మానేసింది.

"స్మెల్ సూపరే అంకుల్, కానీ ఇంతా?" అంటూ ఆ పిల్ల తడి టిష్యూలిచ్చింది. తుడిస్తే పోయే సరుకా అది!

కె.ఆర్.పురంలో దిగి హొసకోటె బస్సు పట్టుకున్నాను. కండక్టరు రెండు సీట్ల అవతల నుంచే చెయ్యి చాపి టికెట్టిచ్చాడు. నా దారిన వెళ్ళాలనుకునేవారు సాయిబు చెప్పినట్టు ఒక్క చుక్కతో ఆగండి. ఇల్లు చేరేదాకా మీ ముక్కు మాట వినకండి.

మూడు గంటలకు ఇల్లు చేరాను. సరోజమ్మ వాకిట్లోనే ఆపేసింది.

"ఏమయ్యా, ఎవురింటి సాంబ్రాణిలో పడి లేచొస్తివి?"

"గుర్తు రాలేదా? మన పెండ్లినాటి వాసన!"

దగ్గరికొచ్చి నా మెడ దగ్గర ముక్కు పెట్టింది.

"ఇది కాదు. అది కలరా ఉండల వాసన. మీ మామ కోటు పెట్టెలోంచి తీసి నీకు తొడిగినారు కదా!"

"మరి ఆనాడు నా చెవిలో దూది?"

"చెవిపోటేమో పాపం అనుకుంటి."

హొసకోటెలో నన్ను మించిన జ్ఞాపకశక్తి ఎవరిదో యాభై ఏళ్ళకు తెలిసింది. ఆమె నా చెవిలోని దూది లాక్కుంటూ అంది.

"దీన్ని ఇట్లియ్యి. నా చీరల పెట్టెలో కలరా ఉండలు అయిపోయినాయి."

మరునాడు ఆ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. బెల్లం పాకం, సాంబ్రాణి, పాత చెక్క, అన్నీ చక్కగా నా ముక్కుకు అందాయి. ఎంత బాగుందో చెప్పాను.

"నాకేం రాలేదే!" అంటూ ఆమె తన కొంగు మళ్ళీ మళ్ళీ వాసన చూసుకుంటూనే ఉంది.