తాళం వేసిన గదిలోంచి వెళ్లిన సిలిండర్

దయ్యాలని, ఆత్మలని నేను ఏనాడూ నమ్మలేదు. పాస్టరువై ఉండి అదేం మాట అనేవాళ్లుంటారు. దేవుణ్ణి నమ్మడం వేరు, చచ్చినవాళ్లు తిరిగొస్తారని నమ్మడం వేరు. మా సంఘంలో ఎవరైనా గుమ్మానికి నిమ్మకాయలు కడితే నేనే తెంపి మోరీలో పడేసేవాణ్ణి. నా నోరు మంచిది కాదని, మేముండే సూరత్ శివారు ఉన్‌లో ఎవరినడిగినా చెబుతారు.

అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టే రాస్తాను. నన్ను నేను మంచివాడిగా చూపించుకోను.

మాది సిరిసిల్ల వైపు. పద్దెనిమిదేళ్లకు సూరత్ వచ్చి పదిహేనేళ్లు మగ్గాలు నడిపాను. తెగిన పోగులు ముడేస్తూనే ప్రార్థన నేర్చుకున్నాను. తర్వాత పని మానేసి ఉన్‌లో ఒక రేకుల ఇల్లు అద్దెకు తీసుకుని, మన తెలుగువాళ్లు ఇరవై ముప్పై మందితో ఆరాధన మొదలుపెట్టాను. విశ్వాసమంటే ఆదివారం పాటలు పాడటం కాదు, కుళాయి వచ్చినప్పుడు పక్కింటివాళ్లకూ రెండు బిందెలు పట్టిపెట్టడం అని చెప్పేవాణ్ణి. చెప్పడానికేం, నాలుకకు నరం లేదు.

నా తమ్ముడు రాజేశం మాత్రం మగ్గం వదల్లేదు, బాప్తిస్మమూ తీసుకోలేదు. "అన్నా, నీ దేవుడు ఒక్క పూట నా మగ్గం కాడ నిలవడ్తడా? జర చాయ్ తాగొస్త" అని ఏడిపించేవాడు. పెళ్లి చేసుకోలేదు. రాత్రి భోజనం మా ఇంట్లోనే.

మొదటి లాక్‌డౌన్ పెట్టగానే వాడి ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, గంగారాం మాస్టర్ ఒక పని చేశాడు. మాస్టర్ అంటే కార్మికుల మీద పెత్తనం చేసేవాడు. అతనూ మా జిల్లావాడే. మనుషులు ఊళ్లకు వెళ్లిపోతే మళ్లీ దొరకరని, పన్నెండు మందిని లోపలుంచి షట్టర్ దించి బయట తాళం వేశాడు. షట్టర్ కింది సందులోంచి రొట్టెలు తోసేవాడు.

నాలుగో రోజు రాజేశం ఫోన్ చేశాడు. "అన్నా, జరమొచ్చింది. ఊపిరాడ్తలేదు. మాస్టర్‌కు చెప్పి జర తాళం తీయమను." గొంతు పిల్లి గొంతులా ఉంది.

నేను గంగారాంకు ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. చివరికి ఎత్తాడు. "ఏందన్నా గిట్ల సతాయిస్తవ్? జరమొస్తే సచ్చిపోతరా? రేపు చూద్దాం తియ్" అని పెట్టేశాడు. రెండు రోజులకు తాళం తీశాడు. రాజేశం ఆటోలో నా ఒళ్లోనే పోయాడు. ఆసుపత్రి ఇంకా రాలేదు.

పోలీసుల దగ్గరికి వెళితే మిగతా పదకొండు మందిలో ఒక్కడు కూడా నోరు విప్పలేదు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకు ఆ మగ్గాలే తిండి. కానీ గంగారాంను మాత్రం ఒక్క క్షణం క్షమించలేదు. ఫోన్‌లో ఆదివారం క్షమాపణ మీద వాక్యం చెప్పి, ఫోన్ పెట్టేసి మోకాళ్ల మీద పడి ఒకటే అడిగేవాణ్ణి. వాడికి కూడా ఊపిరి ఆడకూడదు, వాడు నన్ను అడుక్కోవాలి, నేను లేదనాలి. అదీ నా ప్రార్థన. ఏడాది పాటు రోజూ చేశాను.

రెండోసారి కరోనా ముంచెత్తినప్పుడు, సూరత్ దగ్గర్లోని బార్డోలీలో ఉన్న కొందరు విశ్వాసులు మా సంఘానికి ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఇచ్చారు. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని పెద్ద సిలిండర్. దాని మీద నేనే నీలం రంగుతో సిలువ గీశాను. అవసరమైనవాళ్ల ఇంటికి పంపేవాళ్లం, అయిపోతే నింపించి తెచ్చి మా ఇంటి వెనక గదిలో పెట్టేవాళ్లం. ఆ గదికి ఒకటే తలుపు, కిటికీకి ఇనుప ఊచలు. తాళంచెవి ఒక్కటే, అది నా జేబులో.

ఆ రోజు పొద్దున్నే నింపించి తెచ్చి గదిలో పెట్టాం, నేనే తాళం వేశాను. పదకొండు గంటలకు లచ్చవ్వ ఫోన్ చేసింది. గంగారాం భార్య. ఆమె కూడా ఖాతాలో బాబిన్లకు దారం చుట్టేది, నాకు బాగా తెలుసు.

"అన్నా, ఆయనకు ఊపిరాడ్తలేదు. ఏ దవాఖానల మంచం దొర్కలే. నీ కాళ్లు మొక్కుత, సిలిండర్ ఇయ్యి."

నేను తొందరపడలేదు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించి, "ఏందమ్మా, వినబడ్తలేదు" అన్నాను. ఆమె ఏడుస్తూ మళ్లీ చెప్పింది. అప్పుడన్నాను, "సిలిండర్ ఖాళీ అయింది చెల్లె. ప్రార్థన చేస్త."

ఫోన్ పెట్టేశాక ఒళ్లంతా తేలికైంది. దాచుకోను, సంతోషంగా ఉంది. నా భార్య మార్తమ్మ ఎవరు ఫోన్ అని అడిగితే రాంగ్ నంబర్ అన్నాను. అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను. తర్వాత ఒక కుర్చీ తెచ్చుకుని ఆ వెనక గది తలుపుకు ఆనించి కూర్చున్నాను. ఎవరైనా వచ్చి అడిగితే మార్తమ్మ జాలిపడి ఇచ్చేస్తుందేమోనని నా భయం. నాలుగున్నర దాకా లేవలేదు. కునుకు కూడా తీయలేదు, గంగారాం ఇప్పుడెలా ఉన్నాడో ఊహించుకుంటూ కూర్చున్నాను.

నాలుగున్నరకు మళ్లీ లచ్చవ్వ ఫోన్. పోయాడని చెబుతుందనుకుని ఎత్తాను.

"నీ బాంచెన్ అన్నా! సిలిండర్ టైముకు పంపినవ్. జర తేరుకుండు."

దుఃఖంలో మతి తప్పిందనుకున్నాను. అయినా లేచి, కుర్చీ జరిపి, తాళం తీశాను. తాళం మీద గీత కూడా లేదు. లోపల సిలిండర్ లేదు. అది నిలబెట్టిన చోట నేల మీద గుండ్రటి తుప్పు మరక ఉంది. కిటికీ ఊచలు లాగి చూశాను, ఒక్కటీ కదల్లేదు.

నాకు భయం వేయలేదు. ఒళ్లు మండిపోయింది. ఏదో మోసం జరిగింది, దొంగతనంగా పట్టుకుపోయారు అనుకున్నాను. వెనక్కి తెచ్చుకోవడానికే బండి తీశాను. అందులో అబద్ధం లేదు.

వాళ్లది మూడో అంతస్తు. తలుపు తీసే ఉంది. గంగారాం పరుపు మీద బోర్లా, ముఖం పక్కకు తిప్పి పడుకుని ఉన్నాడు, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. తల దగ్గర మా సిలిండర్. నీలం సిలువ నేను గీసిందే, కింద రంగు కారిన చార కూడా అదే.

నేరుగా వెళ్లి వాల్వు పట్టుకున్నాను. తిప్పితే చాలు. అతను కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఎందుకొచ్చానో అతనికి అర్థమైందని నాకనిపించింది. లచ్చవ్వ మాత్రం సరిగ్గా బిగించారో లేదో చూస్తున్నాననుకుంది.

"ఎవరు తెచ్చిండ్రు?" అన్నాను.

"నువ్వు పంపిన మనిషే. ఒక్కడే భుజం మీద ఎత్తుకొచ్చిండు. ముఖానికి మాస్కున్నది. ఆయనే బిగించిండు. నోటితోని ఒక్క మాట అన్లే, ఖాతల లెక్క చేతులతోనే చెప్పిండు."

ఆమెకు అది వింతగా అనిపించలేదు. మాకెవరికీ అనిపించదు. మగ్గాల హోరులో మాట వినబడదు గనక, మేం పగలంతా చేతులతో, పెదవులతోనే మాట్లాడుకుంటాం. అలవాటై ఇంట్లో కూడా సైగలే చేస్తాం. ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. నా గుర్తు జోడించిన చేతులు, అన్ని ఖాతాల్లోనూ అదే.

"నేనే పంపిన్నని ఎట్ల తెలిసింది?" అన్నాను.

"ఎవరు పంపిండ్రని అడిగితే గిట్ల అన్నడు" అంటూ ఆమె ఎడమ చెవి తమ్మెను రెండుసార్లు కిందికి లాగింది. "నాకు సమజ్ కాలే. చేతులు జోడించి, పాస్టరన్ననా అన్న. ఔనని తల ఊపిండు. మళ్ల చెవే గుంజిండు."

చిన్నప్పుడు బడి ఎగ్గొడితే రాజేశాన్ని ఎడమ చెవి పట్టుకుని ఈడ్చుకెళ్లేవాణ్ణి. ఒకే ఖాతాలో పనిచేసిన రెండేళ్లూ వాడు నన్ను పిలవాలంటే, నా వైపు చూసి ఎడమ చెవి రెండుసార్లు లాగేవాడు. ఆ గుర్తు మా ఇద్దరిదే. ఇంకెవరైనా వాడగా నేను చూడలేదు.

వాల్వు మీంచి చెయ్యి తీసేశాను. క్షమించి కాదు. వాడు బిగించినదాన్ని తిప్పలేకపోయాను. మెట్లు దిగి బండి దగ్గర కూర్చుని ఏడ్చాను.

గంగారాం బతికాడు. కోలుకున్నాక లచ్చవ్వ మా సంఘానికి వచ్చి, తమ్ముణ్ణి పోగొట్టుకున్న పాస్టరన్న పగ మరిచి సిలిండర్ పంపాడని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. నేను లేచి, పంపలేదని, ఖాళీ అని అబద్ధమాడానని, గంగారాం చావాలనే కోరుకున్నానని చెప్పాను. కొన్ని కుటుంబాలు ఆ తర్వాత రావడం మానేశాయి. వాళ్లదీ న్యాయమే.

గంగారాం వాళ్ల బిల్డింగు వాచ్‌మన్‌ను అడిగాను, సిలిండర్‌తో ఎవరూ రావడం చూడలేదన్నాడు. మార్తమ్మ నేను కుర్చీలోంచి కదల్లేదని ఒట్టేసి చెబుతుంది. ఆ తలుపులోంచి అంత బరువు ఎలా వెళ్లిందో నా చదువుకు, నా విశ్వాసానికి రెంటికీ అందలేదు. ఇప్పటికీ అందలేదు.

గంగారాంను చూస్తే ఇప్పటికీ కడుపు రగులుతుంది. కానీ ఈమధ్య అంతకంటే ఎక్కువ కోపం రాజేశం మీదే వస్తోంది. ఒక్కసారి కలలోనైనా కనబడరా అని ఏడాది ఏడ్చాను. వాడు వచ్చాడు. నేను వీపు ఆనించుకున్న తలుపు అవతలి దాకా వచ్చాడు. సిలిండర్ ఎత్తుకుని తనను చంపినవాడి ఇంటికి పోయాడు. నన్ను మాత్రం పలకరించలేదు.